చవితి నుంచి దీపావళి దాకా తీసుకెళ్లిన హెల్మెట్లు వెనక్కి పంపండి, ఖర్చు నాది

వినాయక చవితికీ దీపావళికీ మధ్య మా నెల్లూరు వర్క్‌షాపు నుంచి రెండో ప్రపంచ యుద్ధపు సైనికుల ఇనుప హెల్మెట్లు తీసుకెళ్లినవాళ్లు ఇది పూర్తిగా చదవండి. తుఫాను వానలు మొదలయ్యాక చెన్నైలో ఉండే కస్టమర్ ఒకాయన ఫోటోలు పంపారు. ఆయన హెల్మెట్ మీద నారింజ రంగు చుక్కలు చెమట పట్టినట్టు పుడుతున్నాయి. తర్వాత ఒంగోలు నుంచి ఇంకొకరు పంపారు. నా అరల్లో ఉన్నవి తీసి చూస్తే వాటి మీదా అవే చుక్కలు.

కారణం నీళ్లు. కొహిమా, ఇంఫాల్ కొండల్లో 1944 యుద్ధం నుంచి మట్టిలో ఉన్న హెల్మెట్‌కి పైన కనిపించే తుప్పు కంటే ఆ తుప్పు కింద ఇనుముని పట్టుకుని ఉన్న ఉప్పు ప్రమాదం. బయటికి తీసి గాలి తగలగానే అది తేమని లాక్కుని చుక్కలుగా కారుతుంది, పొరలు పొరలుగా పైకి లేస్తుంది. అందుకే రంగు మిగలనివాటిని కాస్టిక్ సోడా కలిపిన డిస్టిల్డ్ వాటర్‌లో నెలల తరబడి నానబెడతాను, ఆ నీళ్లు మారుస్తూ ఉంటాను. తీసిన నీళ్లలో ముందు నైట్రిక్ యాసిడ్, తర్వాత సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే, ఉప్పు ఇంకా ఉంటే పాలలా తెల్లబడుతుంది. తెల్లబడటం ఆగేదాకా హెల్మెట్ బయటికి రాదు. ఇదంతా సరిగ్గానే జరిగింది. ఆఖరున సోడా పోవడానికి మంచి నీళ్లతో కడుగుతాం కదా, అక్కడ వచ్చింది చిక్కు.

డిస్టిల్డ్ వాటర్ నాకు బ్యాటరీ నీళ్లు అమ్మే ఒకాయన వేస్తాడు. ప్రతి లోడు నుంచీ పై వరస క్యాన్ తీసి పరీక్ష చేస్తూనే ఉన్నాను. పై వరసలో పెట్టినవి అసలైనవి, కింద వరసలో ఉన్నవి ఉత్త బోరు నీళ్లు. మన సముద్రపు వైపు బోరు నీళ్లు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. అడిగితే ఆయన అన్న మాట ఇది: "బ్యాటరీలవాళ్లు ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు, పాత ఇనుప టోపీకి నీకెందుకంత నీళ్లు?" డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు. నేను తీసుకోలేదు, ఆ గుమ్మం మళ్లీ ఎక్కను కూడా. ఆ "పాత ఇనుప టోపీ" అన్న మాట మాత్రం ఇంకా నొప్పిగానే ఉంది. అది పెట్టుకున్నవాడు ఇరవై ఏళ్ల కుర్రాడు అయ్యుంటాడు, మన దేశపు సిపాయే కావచ్చు.

ఇప్పుడు నిద్ర లేకుండా చేసిన విషయం. ఎలక్ట్రాలసిస్, అంటే నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదిలించడం, పెడితే రోజుల్లో అయిపోతుంది, మళ్లీ నెలల పాటు నానబెట్టే పని ఉండదు. ముగ్గురు నలుగురు కస్టమర్లు అదే చెయ్యమన్నారు, వీడియోలు కూడా పంపారు. అవి చూసి చాలా ఆలోచించాను, డబ్బు రాని పనికి ఇంత కాలం పెట్టగలనా అని లెక్కలు వేసుకున్నాను. కానీ ఎలక్ట్రాలసిస్‌లో హైడ్రోజన్ బుడగలు తుప్పుని లోపలి నుంచి తోసేస్తాయి. బాగా తుప్పు తిన్న హెల్మెట్‌లో అసలు ఆకారం ఉండేది ఆ తుప్పు పొరలోనే, అది ఊడిపోతే చేతికి జల్లెడ వస్తుంది. లోపల ఇనుము ఎంత మిగిలిందో అయస్కాంతంతో చూడొచ్చు కదా అంటారు, జర్మన్ హెల్మెట్‌కి అయితే చూడొచ్చు. బ్రిటిష్ సైన్యపు మార్క్ 2 హెల్మెట్‌ది మాంగనీస్ స్టీలు, అందులో మాంగనీస్ సుమారు 12 శాతం ఉంటుంది, దానికి అయస్కాంతం సరిగా అంటదు. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ అవే. అందుకని మళ్లీ నానబెట్టడమే. ఎంత ఆలస్యమైనా, ఎవరు తిట్టినా నేను కరెంటు పెట్టను. అది కావాలనుకునేవాళ్లు హెల్మెట్ ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు, నేనేమీ అనుకోను.

రంగు మిగిలి ఉన్నవి, లోపల పేరో నంబరో రాసి ఉన్నవి ఈ నీళ్లలోకి రానేలేదు, కాస్టిక్ సోడా రంగుని తినేస్తుంది కాబట్టి వాటిని తేమ పీల్చే సిలికా జెల్ గింజలతో గాలి చొరని డబ్బాలోనే పెట్టి ఇచ్చాను. వాటి గురించి టెన్షన్ వద్దు. డబ్బా తెరవకండి, జెల్ రంగు మారితే ఆ గింజలు వేడి చేసి మళ్లీ పెట్టండి.

మిగతావి పంపండి, కొరియర్ రెండు వైపులా నేనే కడతాను. నీళ్లు ఇకపై మా షెడ్డులోనే కాస్తాం, మిషన్ తెచ్చాను, ప్రతి క్యాన్‌కీ పరీక్ష ఉంటుంది. సంక్రాంతి దాటేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోను, అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు అడిగితే అదే రోజు వెనక్కి వేస్తాను. అంతవరకు చుక్కలు కనిపిస్తున్నాయని కొబ్బరినూనె రాయకండి, ఉప్పు లోపలే ఉండిపోతుంది, నాకు ఆ జిడ్డు తీసే పని అదనం. పొడి గుడ్డలో చుట్టి, నేను కట్టిన ట్యాగు తీయకుండా పంపండి చాలు.