బ్రాకన్ పెట్టెలు కొన్నాళ్లు రావండి

కొబ్బరిలో నల్లతల గొంగళి పురుగు మీద వదలడానికి మా దగ్గర బ్రాకన్ బదనికలు (పురుగు మీద గుడ్లు పెట్టి దాన్ని చంపే చిన్న కందిరీగల్లాంటివి) తీసుకునే కోనసీమ రైతులకు ముందుగా చెప్పాల్సింది ఇది. ప్రస్తుతానికి కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు. డబ్బు కట్టేసినవాళ్లు వాపసు తీసుకోవచ్చు, లేదా బదులుగా గోనియోజస్ అనే ఇంకో రకం బదనికలు తీసుకోవచ్చు. మా కల్చర్‌లో, అంటే మేం డబ్బాల్లో పెంచే బ్రాకన్ మందలో, మగవి ఎక్కువైపోతున్నాయి, ఆడవి తగ్గిపోతున్నాయి. అదీ కారణం.

"లెక్క సరిపోతే చాలదా, మగైతే ఏంటి?" అని రాజోలు వైపు రైతు ఒకాయన ఫోన్లో అడిగారు. సరిపోదండి. గొంగళిని కుట్టి పడేసేదీ, దాని మీద గుడ్లు పెట్టేదీ ఆడదే. మగదానికి ముల్లే ఉండదు.

ఈ బదనికల్లో తల్లి తన ఒంట్లో దాచుకున్న వీర్యాన్ని గుడ్డుకి తగలనిస్తే ఆడది పుడుతుంది, తగలనివ్వకపోతే మగది. అంటే మగదానికి తండ్రి ఉండడు, అమ్మ తరఫు తాత మాత్రం ఉంటాడు! జతకట్టని ఆడది కూడా గుడ్లు పెడుతుంది కానీ అవన్నీ మగవే అవుతాయి. అందుకే రెక్కలొచ్చిన వెంటనే పంపకుండా, తేనె పెట్టి మగవాటితో కలిపి ఉంచాకే పంపుతాం. లేటని తిట్టుకోకండి.

బ్రాకన్‌లో ఇంకో మెలిక ఉంది. ఆడా మగా తేల్చే జన్యువులో చాలా రకాలుంటాయి. తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి వేరే రకం వస్తేనే ఆడది. రెండూ ఒకటే అయితే, తండ్రి ఉన్నా సరే, అది మగదే. అలాంటివి చాలావరకు గుడ్డులోనే పోతాయి, బతికినవాటి వల్ల సంతానం దాదాపు ఉండదు. అమెరికా శాస్త్రవేత్త వైటింగ్ 1943లో రాసింది ఈ బ్రాకన్ గురించే. అన్నాచెల్లెళ్లు జతకడితే సుమారు సగం జంటల్లో రకాలు కలిసిపోతాయి, ఆ జంటలకు ఆడవి కావాల్సిన గుడ్లలో సగం దెబ్బతింటాయి. మన మేనరికాల సంగతే, కాకపోతే బ్రాకన్‌కి పది పన్నెండు రోజులకో తరం. డబ్బాల్లో బయటి నెత్తురు కలవకపోతే ఫలితం తొందరగానే కనిపిస్తుంది.

కాబట్టి వేర్వేరు ఊళ్ల తోటల నుంచి బ్రాకన్ తెచ్చి కలపాలి. మీ చెట్లలో పురుగు గూళ్ల దగ్గర కదలని గొంగళ్లూ, పక్కనే చిన్న తెల్లటి పట్టుగూళ్లూ కనిపిస్తే ఆ ఆకులు కోసి పంపండి, రవాణా ఖర్చు మాదే. మందు కొట్టిన తోటవి వద్దు.

గోనియోజస్‌కి ఈ బెడద లేదు. ఒకే తల్లి పిల్లలు తమలో తామే జతకట్టడం వాటికి మామూలే. కాసిని మగవి ఉంటాయి, మిగతావన్నీ ఆడవే. వరికి ఇచ్చే ట్రైకో కార్డుల్లోనూ (ట్రైకోగ్రామా అనే బదనికలుండే కార్డులు) ఈ సమస్య లేదు, సార్వాకి ఎప్పటిలాగే ఆర్డర్ పెట్టుకోండి.

బ్రాకన్ మళ్లీ మొదలయ్యాక పెట్టె మీద ఆడవాటి సంఖ్యే రాస్తాం, దానికే డబ్బు తీసుకుంటాం. ఏరడానికి మనిషి కావాలి కనుక ధర కొంచెం పెరుగుతుంది. అనుమానముంటే మీరే చూసుకోవచ్చు: మీసాలు పొడుగ్గా ఉంటే మగది, మీసాలు పొట్టిగా ఉండి తోక చివర ముల్లు కనిపిస్తే ఆడది. ఈలోగా తప్పనిసరి అయితే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి, అక్కడా బదనికలు పెంచుతారు.