ర్యాంపు రోడ్డెక్కనక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

వాల్తేరు అప్‌ల్యాండ్స్, సీతమ్మధార, ఎండాడ, రుషికొండ... విశాఖలో కొండవాలు మీద ఇళ్లు లేచిన ఏ వీధికి వెళ్లినా గేటు ముందు సిమెంటు ర్యాంపు కాలువను కప్పేసి, తారు మీదకి నాలుక చాచుకుని ఉంటుంది. ఎందుకండీ అంటే ‘బండి కింద తగులుతోంది’ అంటారు. మామూలు కారుకే ఈ సంగతి. నేలకు ఆనినట్టుండే స్పోర్ట్స్ కారు వచ్చిన ఇంట్లో ఆ నాలుక ఇంకో రెండడుగులు ముందుకు సాగుతుంది. దాంతో కాలువలో పూడిక తీయడానికి దారి ఉండదు, కొండ మీది నుంచి ఎర్రమట్టితో దిగే వాననీరు రోడ్డెక్కుతుంది, రాత్రిపూట స్కూటరు నడిపేవాడికి ఆ అంచు కనబడదు. ఇంత చేసినా చాలా ఇళ్లలో కారు తగులుతూనే ఉంటుంది. తగిలే చోటు వేరు, మనం పొడిగించే చోటు వేరు కాబట్టి.

కారును గీకేది వాలు కాదు, వాలు మారే చోట ఉండే విరుపు. ఎంత ఏటవాలైనా అంతటా ఒకే తీరుగా ఉంటే కారు పొట్ట దానికి సమాంతరంగానే వెళ్తుంది. చదును నుంచి వాలులోకి తిరిగే గీత దగ్గర, మళ్లీ వాలు నుంచి చదునులోకి వచ్చే గీత దగ్గరే గొడవంతా. పైకి ఉబ్బిన విరుపు దగ్గర పొట్ట తగులుతుంది. గుంటలా ఉన్న విరుపు దగ్గర ముందు బంపరు కింది పెదవి, లేదా వెనక సైలెన్సరు తగులుతాయి.

ఒక లెక్క చూడండి. మారుతి స్విఫ్ట్ వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2,450 మి.మీ. పోర్షే 911దీ సరిగ్గా అంతే. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి కారు పొట్ట ఎత్తు) 163 మి.మీ. స్పోర్ట్స్ కారుకు 110 మి.మీ. అనుకుందాం. 5 మీటర్లకు 1 మీటరు దిగే ర్యాంపు (1:5) చదును రోడ్డుకు నేరుగా అతుక్కుని ఉంటే, ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు ఉన్న క్షణంలో ఆ విరుపు కారు నడుముకు 121 మి.మీ. ఎత్తున పొడుచుకొస్తుంది. స్విఫ్ట్‌కు ఇంకా 42 మి.మీ. జాగా మిగులుతుంది. స్పోర్ట్స్ కారు 11 మి.మీ. లోతున కూర్చుండిపోతుంది. 1:6 వాలైతే పొడుపు 101 మి.మీ. కాగితం మీద 9 మి.మీ. మిగిలినట్టే ఉంటుంది గానీ ఇద్దరు మనుషులు ఎక్కి, ట్యాంకు నిండా పెట్రోలు ఉంటే సస్పెన్షన్ అంతకన్నా ఎక్కువే కుంగుతుంది.

గుంట విరుపు ఇంకా కఠినం. ముందు ఇరుసు నుంచి బంపరు అంచు 920 మి.మీ. ముందుకు ఉండి, పెదవి నేలకు 110 మి.మీ. ఎత్తులో ఉంటే, సెల్లార్ పార్కింగులకు మామూలుగా వేసే 1:8 వాలు దగ్గర కూడా అది 5 మి.మీ. తేడాతో తగులుతుంది. 1:10 అయితే 18 మి.మీ., 1:15 అయితే 49 మి.మీ. ఖాళీ వస్తుంది. ‘రివర్సులో దింపితే తగలదు’ అని చెప్పేవాళ్లున్నారు. ర్యాంపు వీల్‌బేస్ కన్నా పొడుగైనప్పుడు లెక్కేమీ మారదు: నేరుగా దిగితే ముక్కు కింద చదును ఎదురొస్తుంది, వెనక్కి దిగితే చివర్లో అదే ముక్కు కింద వాలు లేస్తుంది, కోణం అదే. బ్రేకు వేసినప్పుడు ముక్కు కుంగడం ఒక్కటే తప్పుతుంది. విరుపు మీద బ్రేకు నొక్కకుండా, దానికి అడుగు ముందే వేగం చంపేసుకుంటే అదీ ఉండదు.

తాపీమేస్త్రీని పిలిచే ముందు ఏది ఎక్కడ తగులుతోందో తెలుసుకోవాలి. దానికి ముగ్గుపిండి చాలు. తడిపి విరుపు గీత పొడవునా పూసి, కారును నడక వేగంతో ఒక్కసారి దాటించి, టార్చి వేసి కింద చూడండి. తెలుపు పెదవికి అంటితే గుంట విరుపు, రెండు ఇరుసుల నడుమ అంటితే ఉబ్బు విరుపు. ఆ తర్వాత కొలతలు. రోడ్డు మీద 2 మీటర్ల నుంచి గ్యారేజీ లోపల 2 మీటర్ల దాకా, ప్రతి 300 మి.మీ.కు ఒక చోట, నీళ్ల గొట్టంతో మట్టం తీయండి. చక్రాలు నడిచే రెండు గీతల మీదా విడివిడిగా తీయాలి, మన వీధులు అడ్డంగా కూడా వాలి ఉంటాయి మరి. గ్రాఫ్ కాగితం మీద పదో వంతు స్కేలులో గీసి, అదే స్కేలులో కారు పక్కరూపం అట్టముక్కతో కత్తిరించి ఆ గీత మీద జరపండి. ఎక్కడ ఆగుతుందో కళ్లకు కనిపిస్తుంది. ఇద్దరు కూర్చున్నప్పటి క్లియరెన్స్‌తోనే అట్ట కోయాలి, కంపెనీ కాగితంలో ఉన్న అంకెతో కాదు.

ఇక మరమ్మతు. గ్యారేజీ రోడ్డు కన్నా 900 మి.మీ. కింద ఉందనుకుందాం. 1:5 ర్యాంపు 4.5 మీటర్లలో దిగిపోతుంది. దీన్నిలా విడదీయాలి: గేటు దగ్గర 1.5 మీటర్లు 1:10 వాలు (150 మి.మీ. దిగుతుంది), నడుమ 2.55 మీటర్లు పాత 1:5 (510); కింద 1.2 మీటర్లు 2:15 (160); చివర 1.2 మీటర్లు 1:15 (80). మొత్తం 6.45 మీటర్లు. పై విరుపు రెండుగా చీలింది కాబట్టి పొట్టకు పొడుపు 121 నుంచి 61 మి.మీ.కు పడిపోతుంది. కింద మూడు మెట్లుగా తిరగడం వల్ల పెదవికి దాదాపు 49 మి.మీ. దక్కుతుంది. సన్న వాలు ముక్క 2.4 నుంచి 3 మీటర్లు ఉండాలని పుస్తకాల్లో రాస్తారు, చోటుంటే అలాగే చేయండి. లేనివాళ్లు దిగులుపడక్కర్లేదు. పైన అది వీల్‌బేస్‌లో సగం, కింద బంపరు ముందుకు వచ్చే పొడవు దాటితే పని జరుగుతుంది.

అదనంగా కావలసింది సుమారు 2 మీటర్లు. ఆ 2 మీటర్లు లోపలి నుంచి తీసుకోవాలి, రోడ్డు నుంచి కాదు. కారు వెనక చక్రాలు 1:15 వాలు మీద నిలిచినా నష్టం లేదు, హ్యాండ్‌బ్రేకుతో పాటు చక్రం కింద ఒక చెక్క పెట్టుకుంటే సరి. పాత ర్యాంపు ముగిసిన చోట షట్టరు ఉంటే, అక్కడ కొత్త నేల 180 మి.మీ. లేస్తుందన్నది మరిచిపోవద్దు. 2.1 మీటర్ల గుమ్మం 1.92 అవుతుంది. స్పోర్ట్స్ కారుకు అది ఆకాశమంత ఎత్తు. నెత్తిన క్యారియరు ఉన్న పెద్ద బండి కూడా అదే గ్యారేజీ వాడుతుంటే ముందే కొలుచుకోండి.

మూడు మీటర్ల వెడల్పు, 125 మి.మీ. మందంతో ఈ పనికి 2.5 ఘనపు మీటర్ల లోపు కాంక్రీటు పడుతుంది. 1:1.5:3 పాళ్లలో సిమెంటు 20 బస్తాలు, ఇసుక 1.1, 20 మి.మీ. కంకర 2.2 ఘనపు మీటర్లు. 8 మి.మీ. ఇనుము 200 మి.మీ. ఎడంగా రెండు దిక్కులా కడితే 80 కిలోలు. చాలామంది చేసే పొరపాటు, పాత సిమెంటు మీద అంచుల్లో సున్నాకు దిగేలా పల్చగా పూత లాగడం. చక్రం తిరిగినప్పుడల్లా ఆ పల్చటి అంచు లేచి పెంకులా ఊడుతుంది. గేటు దగ్గర పాతదాన్ని కనీసం 125 మి.మీ. లోతు చెక్కి, కడిగి, సిమెంటు పాలు పోసి, అక్కడి నుంచి పూర్తి మందంతో మొదలుపెట్టాలి. పైన గచ్చు నున్నగా తీస్తే మొదటి వానకే టైరు జారుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే చేప ముల్లు ఆకారంలో గాళ్లు తీయించండి. వారం రోజులు తడపాలి, రెండు వారాల దాకా బండి ఎక్కించకూడదు.

నీటి మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టిన ఊరు ఇది. రోడ్డు కన్నా పల్లంలో ఉన్న గ్యారేజీకి గేటు దగ్గర అడ్డగట్టు ఉండాల్సిందే. 75 మి.మీ. గట్టును మీటరు దూరంలో ఎక్కించి మీటరు దూరంలో దించితే రెండు 1:13 వాలులు వీపులా ఉబ్బి కలుస్తాయి. ఈ కలయిక కూడా విరుపే, పై లెక్కలో దాన్నీ వేసుకోవాలి. ర్యాంపు అడుగున అడ్డంగా 150 మి.మీ. తూము, దాని మీద జాలీ. జాలీ నేల మట్టం కన్నా 5 మి.మీ. కిందే ఉండనివ్వండి. మామూలు ఇనుప జాలీ సముద్రపు ఉప్పుగాలికి త్వరగా పొరలు లేచి ఉబ్బుతుంది. వేడి జింకు పూత ఉన్నది గానీ పోత ఇనుముది గానీ వేయించుకోవాలి.

రోడ్డు కన్నా ఎత్తులో ఉన్న ఇళ్లకు కథ తిరగబడుతుంది. గుంట విరుపు రోడ్డు అంచునే పడుతుంది, పైగా రోడ్డు క్యాంబరు (నడుమ నుంచి అంచులకు ఇచ్చే వాలు) కాలువ వైపు ఉంటుంది కాబట్టి 40కి 1 వాలు దానికి తోడవుతుంది. ర్యాంపులు రోడ్డెక్కేది ఎక్కువగా ఇక్కడే. కాలువ మీది పలకలనే మొదటి సన్న మెట్టుగా వాడుకోవచ్చు. పలక రోడ్డు అంచుకు సమమట్టంగా మొదలై గేటు వైపు 1:15 లేవాలి. 600 మి.మీ. ముక్కలుగా, కొక్కేలతో పోయించుకుంటే పూడిక తీసేవాళ్లు ఎత్తి మళ్లీ వేస్తారు. మిగిలిన మెట్లు గేటు లోపల. అప్పుడు లోపలికి తెరుచుకునే గేటు రెక్కలు లేచే నేలకు తగులుతాయి, జారుడు గేటు పెట్టించాలి. దాని పట్టా నేలలోకి దించి బిగించమనండి. పైకి నిలబడిన 25 మి.మీ. పట్టా కూడా స్పోర్ట్స్ కారు కింద ఉన్న ప్లాస్టిక్ తొడుగు క్లిప్పులను లాగేస్తుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు, చక్రాల కింద వేసుకునే చెక్క బల్లలు. 50 మి.మీ. మందం, 250 వెడల్పు, 1.2 మీటర్ల పొడవు, మొన ఏటవాలుగా చెక్కినవి రెండు. ముందు చక్రాలు 50 మి.మీ. లేస్తే పెదవి 69 మి.మీ. లేస్తుంది, నడుము 25 మాత్రమే. కాబట్టి 1:6 గుంట విరుపుకు ఇవి చాలు, 1:5కు వెంట్రుకవాసిలో చాలవు. కట్టకుండా వదిలేస్తే నడిపే చక్రం వాటిని వెనక్కి విసిరేస్తుంది. ఖరీదైన కార్లలో ఉండే ముందు ఇరుసు లిఫ్టుకూ ఇదే పరిమితి: 40 మి.మీ. లేపితే నడుముకు దక్కేది 20. లిఫ్టు ఉంది కదా అని ఉబ్బు విరుపును అలాగే వదిలేసినవాళ్లే సెల్లార్ మొదట్లో తక్కెడలా ఊగుతుంటారు. రెండు క్లచ్చుల ఆటోమేటిక్ కారును వాలు మీద యాక్సిలరేటరుతో నిలబెట్టకండి, క్లచ్ కాలుతుంది. బ్రేకు మీద నిలిపి, వదిలి, ఒకే ఊపున నెమ్మదిగా దాటించాలి.

ఇళ్ల ప్లానులు మంజూరు చేసే అధికారులకు ఒక విన్నపం. ర్యాంపు దగ్గర ‘వాలు 1:8’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, రోడ్డు మధ్యగీత నుంచి గ్యారేజీ నేల దాకా నిలువుకోత గీసి, విరుపులూ కాలువ మట్టమూ చూపించమని అడగాలి. ఒక్క కాగితం ఎక్కువవుతుంది, అంతే. రోడ్లు వేసేటప్పుడు పాత తారును గీసి తీయకుండా దాని మీదే మరో 40 మి.మీ. పరిస్తే, ఇంటివాడు ఎంత లెక్క కట్టి పోయించుకున్న ర్యాంపు ముందైనా కొత్త మెట్టు లేస్తుంది. మిల్లింగ్ చేసి పాత మట్టానికే రోడ్డు వేయాలి. కుదరని వీధిలో గేట్ల ముందు ఆ అంచును కనీసం 600 మి.మీ. మేర వాలుగా తగ్గించమని కాంట్రాక్టరు పనిపట్టికలోనే రాయాలి.

– ఒక సివిల్ ఇంజినీరు,
వాల్తేరు అప్‌ల్యాండ్స్, విశాఖపట్నం