బీరువాలోని బొమ్మ

సంపాదకులు గారికి,

నర్సింగ్ ట్యూటర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. నేను చివరగా పనిచేసిన చోట కాన్పు నేర్పే బొమ్మ ఒకటి ఉండేది. ఇన్‌స్పెక్షన్ అనగానే బీరువాలోంచి దించి, తుడిచి, బల్ల మీద పడుకోబెట్టేవాళ్లం. వాళ్ల కారు గేటు దాటగానే మళ్లీ లోపల పెట్టి తాళం. పాడైతే ఎవరి జీతంలో కోస్తారోనని భయం. ఆ తాళంచెవి నా దగ్గరే ఉండేది, తప్పులో నా వాటా నాకుంది.

ఆఫ్రికాలో నర్సులకు, మిడ్‌వైఫ్‌లకు బొమ్మల మీద కాన్పులు నేర్పుతున్నారంటే, దాతలిచ్చారు కాబట్టి వాడుతున్నారని తేలిగ్గా తీసేసేవాళ్లు మన దగ్గర ఉన్నారు. అక్కడ తేలిన సంగతి మాత్రం మనం కూడా చదవాల్సిందే.

ఉత్తర టాంజానియాలో హైడమ్ అనే చోట లూథరన్ మిషన్ ఆస్పత్రి ఉంది. పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు ఏం చేయాలో 2010లో అక్కడి సిబ్బందికి ఒకరోజు శిక్షణ ఇచ్చారు. 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' దాని పేరు. శిక్షణ తర్వాత బొమ్మ మీద అందరి పనితనం మెరుగైంది, లేబర్ రూంలో మాత్రం పాత పద్ధతే. అక్కడితో వదిలేస్తే ఇంకో సర్టిఫికెట్ కథ అయ్యేది. వాళ్లు వదల్లేదు. మరుసటి ఏడాది నుంచి డ్యూటీ చోటే వారం వారం మూడు నుంచి అయిదు నిమిషాలు, నెలకోసారి 40 నిమిషాలు సాధన పెట్టారు. పుట్టిన 24 గంటల్లోపు చనిపోయే పిల్లలు వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గారు.

ఆ బిడ్డకు ఊపిరి అందించడానికి మనకుండేది ఒక్క నిమిషం. బిడ్డ ముక్కూ నోరూ కప్పి గాలి నొక్కే మాస్కు అంచు రవ్వంత లేచినా గాలి పక్కకు పోతుంది, ఛాతీ లేవదు. బొమ్మ మీదా అంతే, సరిగ్గా పట్టేదాకా లేవదు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. చేతికి రావాలంటే ఎన్నిసార్లు తప్పాలో!

తల్లి బొమ్మ ఇంకా చిత్రం. దాన్ని ఒక అమ్మాయి పొట్ట మీద కట్టుకుంటుంది. బిడ్డను ఎప్పుడు వదలాలో, రక్తం ఎంత కారాలో ఆ అమ్మాయి చేతిలోనే ఉంటుంది. కాన్పు చేసే అమ్మాయి కసిరిందనుకోండి, బొమ్మ కట్టుకున్న మనిషికే మనసు చివుక్కుమంటుంది. కాన్పుకొచ్చిన ఆడవాళ్లను మేం ఎలా కసిరేవాళ్లమో నాకు తెలుసు. మా రోజుల్లో ఒక్కసారి ఇది కట్టి పడుకోబెట్టి ఉంటే బాగుండేది.

తర్వాత టాంజానియాలోనే 30 ఆస్పత్రుల్లో 'సేఫర్ బర్త్స్' అనే ఇలాంటి సాధన కార్యక్రమం అమలుచేశారు. ఫలితాలు 2025లో వచ్చాయి. తొలి 24 గంటల్లో శిశుమరణాలు 40 శాతం, తల్లుల మరణాలు 75 శాతం తగ్గాయి. అదంతా బొమ్మ మహిమ అనను. కడుపులో బిడ్డ గుండె చప్పుడు చూసే పరికరాలు, తమ లెక్కలు తామే చూసుకుని దిద్దుకునే అలవాటు కూడా అందులో ఉన్నాయి.

నా విన్నపం మన విదేశాంగ శాఖకు. 2019లో మొదలైన ఈ-ఆరోగ్యభారతి కింద ఆఫ్రికా డాక్టర్లకు, నర్సులకు ఇక్కడి నుంచి తెర మీద పాఠాలు చెప్పే ఏర్పాటు ఉంది. మంచిదే. కానీ తెర చూస్తే మాస్కు పట్టడం రాదు. పాఠంతో పాటు బొమ్మ, విడి మాస్కులు, చినిగితే మార్చడానికి డబ్బు, అక్కడి సిస్టర్లలోనే ఒకరికి వారానికి ఓ గంట డ్యూటీ మినహాయింపు ఇప్పించేలా మాట్లాడండి. బొమ్మ పెట్టే చోటు లేబర్ రూం పక్కన ఉండాలి, ప్రిన్సిపాల్ గదిలో కాదు. మన కాలేజీల వాళ్లు కూడా బీరువా తీసి చూస్తే, బొమ్మ అక్కడే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సింగ్ ట్యూటర్,
వరంగల్