పిల్లల లంచ్ బాక్స్ సర్దేవాళ్లకి

అందరికీ నమస్కారం. మధ్యాహ్నానికి అన్నం వాసన వస్తోందని చాలామంది అడుగుతున్నారు. పొగలు కక్కే అన్నాన్ని మామూలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి నీళ్లై కారుతుంది, ఆ తడిలో, గోరువెచ్చదనంలో బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది. పళ్లెంలో పరిచి ఆరనిచ్చి సర్దండి. తినేసరికి 2 గంటలు దాటుతుందంటే ఐస్ ప్యాక్ పెట్టాల్సిందే. గంటల తరబడి బయట ఉన్న రాత్రి అన్నం మాత్రం వద్దు, అందులో చేరిన విషం మళ్లీ వేడిచేసినా పోదు.

వేడిగానే పంపాలంటే ఫ్లాస్క్ మేలు. ముందు మరిగే నీళ్లు పోసి మూతపెట్టి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి పారబోయండి. తర్వాత బాగా వేడిగా ఉన్న తిండిని నిండుగా నింపండి. సగమే పెడితే త్వరగా చల్లారిపోతుంది. తినే వేళకి 60 డిగ్రీలకి తగ్గకూడదు. అందుకే వారాంతంలో ఒకసారి నింపి, లంచ్ టైముకి థర్మామీటర్‌తో చూడండి. పిల్లలు నోరు కాల్చుకోకుండా చిన్న గిన్నెలో వేసుకుని తినడం నేర్పండి.

5 ఏళ్ల లోపు పిల్లలకి ద్రాక్షపళ్లు నిలువుగా 4 ముక్కలు చేయండి. అడ్డంగా కోస్తే గుండ్రంగానే ఉండి గొంతుకి అడ్డుపడతాయి. గింజపప్పులు పూర్తివి అసలు పెట్టకండి. పచ్చి క్యారెట్ తురమండి, లేదా మెత్తగా ఉడికించండి.

యాపిల్ ముక్కలు నల్లబడకుండా కప్పు నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు కలిపి 10 నిమిషాలు నానబెట్టి కడగండి.

మూత బిడ్డే తీయగలగాలి. చాలా డబ్బాలు ముట్టకుండా తిరిగొచ్చేది ఇందుకే! మూతలోని రబ్బరు రింగు రోజూ ఊడదీసి కడిగి, పూర్తిగా ఆరబెట్టండి.