మీ సినిమా క్విజ్ డబ్బాలో సలూంకే గారి కార్డులు తప్పు, మార్చండి

కస్టమర్ కేర్ వాళ్ళకి, వీలైతే ఆ కార్డులు రాసిన కంటెంట్ టీమ్ వాళ్ళకి కూడా,

నమస్తే అండి. సంక్రాంతికి పిల్లలందరూ ఇంటికొస్తారు, ఫోన్లు పక్కన పెట్టి ఏదో ఒకటి ఆడుకుంటారు కదా అని మీ సినిమా క్విజ్ డబ్బా కొన్నాను, రేటు 799, తక్కువేం కాదు. కార్డులు గట్టిగా ఉన్నాయి, ప్రింటింగ్ బావుంది, అందులో వంక పెట్టను. తెలుగు సెక్షన్‌లో రఘుపతి వెంకయ్య నాయుడు గారి కార్డు కూడా 1921 భీష్మ ప్రతిజ్ఞ అని కరెక్ట్‌గానే వేశారు. గొడవంతా మూకీల సెక్షన్‌లో, అదీ ఒక్క మనిషి దగ్గర.

"భారతీయ సినిమాలో తొలి నటి ఎవరు?" అని ఒక కార్డు ఉంది. మా తమ్ముడి కూతురు ఠక్కున దుర్గాబాయి కామత్ అంది. రైటే కదా? కార్డు తిప్పితే ఆన్సర్ "అన్నా సలూంకే" అట, పక్కన నౌవారీ చీర కట్టుకున్న ఎవరో ఆవిడ ఫోటో, కింద "ఈమె 1913లో రాజా హరిశ్చంద్రలో తారామతిగా నటించి మహిళలకు సినిమా తలుపులు తెరిచారు" అని ఒక లైను. ఈమె ఏంటండీ బాబూ, ఆయన మగాడు! పాపం ఆ పిల్లకి పాయింట్ పోయింది, నేను ఎంత చెప్పినా మిగతా పిల్లలు "పెదనాన్నా, కార్డులో ఏముంటే అదే ఫైనల్" అని ఒప్పుకోలేదు, అది అలిగి వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లో సినిమాలో వేషం వెయ్యడమంటే ఆడవాళ్ళకే కాదు మగాళ్ళకీ నామోషీ, ఎవరైనా అడిగితే హరిశ్చంద్ర గారి ఫ్యాక్టరీలో పనిచేస్తున్నామని చెప్పుకోమని ఆ రాజా హరిశ్చంద్ర తీసిన దాదాసాహెబ్ ఫాల్కే గారే తన మనుషులకి చెప్పారంటారు. తారామతి, అంటే హరిశ్చంద్రుడి భార్య, మన చంద్రమతి వేషానికి పేపర్లో ప్రకటన ఇచ్చారు, ఆఖరికి బొంబాయిలో వేశ్యలుండే వీధులకి కూడా వెళ్ళి అడిగారు, ఎవరూ కుదర్లేదు. చివరికి గ్రాంట్ రోడ్డులో ఒక హోటల్లో వంటపని చేసుకుంటున్న సలూంకే కంటపడ్డాడు, సన్నగా, నాజూగ్గా ఉన్నాడని అడిగారు. అక్కడ నెలకి 10 రూపాయలొస్తుంటే ఫాల్కే గారు 15 ఇస్తానన్నారు, అలా వచ్చాడు. 1913 మే 3న బొంబాయి గిర్‌గావ్‌లో కోరొనేషన్ థియేటర్లో సినిమా రిలీజైంది, దబ్కే హరిశ్చంద్రుడు, సలూంకే తారామతి, ఫాల్కే గారబ్బాయే రోహితుడు. ఆడవాళ్ళు దొరక్క ఆడవేషం కట్టిన మనిషిని తీసుకొచ్చి మహిళలకు తలుపులు తెరిచారు అని రాస్తే ఎలా అండి? ఆ తలుపు తీసింది దుర్గాబాయి కామత్, ఆవిడ కూతురు కమల. అదే 1913లో ఫాల్కే గారు తర్వాత తీసిన మోహినీ భస్మాసుర్‌లో తల్లి పార్వతి, కూతురు మోహిని. వాళ్ళకి మీ డబ్బాలో ఒక్క కార్డు కూడా లేదు, నేను మొత్తం వెతికాను.

ఇంకో కార్డు చూస్తే ఇంకా నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. 1917 లంకా దహన్ మీద ప్రశ్న. రాముడు ఎవరు అంటే ఆన్సర్ సలూంకే, సీత ఎవరు అంటే "వివరాలు లేవు". అసలు ఆ సినిమా గురించి జనం వందేళ్ళుగా చెప్పుకునేదే ఆ ఒక్క ముక్క కదండీ, రాముడూ ఆయనే సీతా ఆయనే! మన దేశంలో మొదటి డబుల్ రోల్ అదే అంటారు. తెర మీద రాముడు కనపడితే చెప్పులు విప్పేసేవాళ్ళట, అదే మనిషి సీతగా వస్తే చేతి కండలు కనపడుతున్నా జనం పట్టించుకోలేదట. మద్రాసులో టికెట్ల డబ్బులు చిల్లర నాణేలు కదా, మూటలు కట్టి ఎద్దులబండి మీద పోలీసు కాపలాతో తీసుకెళ్ళారని కూడా చెప్తారు. ఇంత సరుకు వదిలేసి వివరాలు లేవు అని వేశారు. పైగా ఒక కార్డులో ఈమె, ఇంకో కార్డులో రాముడు, రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి, ప్రింట్‌కి పంపేముందు మీవాళ్ళెవరూ ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదా? డబుల్ రోల్ కార్డులో అయితే టాకీలొచ్చాక వచ్చిన హీరో పేరేదో వేశారు, దాని గురించి ఇంక మాట్లాడను.

సలూంకే వేషాలతో ఆగిపోలేదు, తర్వాత కెమెరా పట్టుకున్నాడు, మూకీల కాలంలో చాలా సినిమాలకి ఫోటోగ్రఫీ చేశాడు. వంటింట్లోంచి తెర మీదకి, అక్కడ్నుంచి కెమెరా వెనక్కి. నాకైతే ఇదే అన్నిటికన్నా మంచి ప్రశ్న అనిపిస్తుంది, మీకు ఊరికే ఇస్తున్నాను, వాడుకోండి.

మీ చాట్‌లో ఇదంతా టైప్ చేస్తే అవతలి అబ్బాయి "మేడం పేరులో స్పెల్లింగ్ తప్పుందా సార్?" అని అడిగాడు. అతన్ని అనను, అతని ముందు ఏ కాగితముందో అదే చదువుతాడు. తర్వాత మెయిల్‌లో మీ అభిప్రాయం మాకు అమూల్యం అని, 10 శాతం కూపన్ అని వచ్చింది. కూపన్ నాకెందుకండీ, ఇంకో డబ్బా కొని ఇవే తప్పులు మళ్ళీ చదువుకోడానికా?

నాక్కావల్సింది ఏంటంటే ఆ మూడు కార్డులు సరిచేసి కొత్తవి కొరియర్ చెయ్యండి, నాకొక్కడికే కాదు ఈ డబ్బా కొన్న వాళ్ళందరికీ, ఎందుకంటే మావాళ్ళు గొడవపడ్డట్టే అందరూ పడరు, చాలామంది అదే నిజమనుకుని నేర్చేసుకుంటారు. కొత్త బ్యాచ్‌లో దుర్గాబాయి, కమల ఇద్దరికీ కార్డు పెట్టండి. ఆ ఫోటోలో ఆవిడెవరో కనుక్కుని తీసెయ్యండి, ఎవరి ఇంటావిడ ఫోటోనో పట్టుకొచ్చి సలూంకే అని వేసేశారు. యాప్‌లో కూడా ఇదే ప్రశ్న ఉంది, అది మార్చడానికి ప్రింటింగ్ ఖర్చు కూడా లేదు కాబట్టి ఈ వారంలో అయిపోవాలి. డబ్బా వెనక్కి పంపమంటే మాత్రం పంపను, మిగతా సెక్షన్లు పిల్లలు ఆడుతూనే ఉన్నారు. ఆర్డర్ నంబరు, కార్డుల ఫోటోలు ఈ మెయిల్‌కి పెట్టాను, జవాబు ఆటోమేటిక్ మెయిల్ కాకుండా మనిషి రాసింది పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్