ఐరన్ సిరప్ పోసేముందు ఒకసారి వేలికి గుచ్చి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పాడేరు ఏజెన్సీలో ఏఎన్ఎంగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. వానలు మొదలయ్యాయంటే ఇప్పటికీ నా మనసు గెడ్డల (వాగుల) అవతలి ఊళ్ల మీదకే పోతుంది. జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ చలిజ్వరాల, అంటే మలేరియా కాలం. చిన్నపిల్లలకు ఐరన్ సిరప్ మాత్రం ఏడాది పొడుగునా ఇస్తుంటారు. రెండు పనులూ ఆ బిడ్డ కోసమే. కానీ జ్వరాల రిజిస్టరు వేరు, సిరప్ రిజిస్టరు వేరు. ఒకదానిలో ఏముందో రెండోదాన్ని రాసేవాళ్లు చూడరు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను పనిచేసిన ఒక ఊళ్లో రెండేళ్ల పాప ఉండేది. అరచేతులు సున్నం పూసినట్టు తెల్లగా ఉండేవి. కింది కనురెప్ప లాగి చూస్తే ఎరుపు జాడే లేదు. వారానికి రెండుసార్లు సిరప్ పొయ్యమని సీసా ఇచ్చాం. మూడు నెలలైనా రక్తం పెరగలేదు. ‘నువ్వు సరిగ్గా పొయ్యడం లేదమ్మా’ అని తల్లిని గట్టిగానే అన్నాను. ఆమె లోపలికెళ్లి సీసా తెచ్చి చూపించింది. సగం అయిపోయి ఉంది. అయినా నేను నమ్మలేదు. ఇంకోరోజు పక్కింట్లో జ్వరం ఉందంటే వెళ్లి, మలేరియా పరీక్ష కిట్ చేతిలో ఉంది కదా అని ఈ పాప వేలికీ గుచ్చాను. ఒళ్లు కాలడం లేదు, అరుగు మీద ఆడుకుంటోంది. పావుగంటకు ఫాల్సిపారం (ప్రమాదకరమైన మలేరియా రకం) గీత తేలింది. మలేరియా మందులు పూర్తిగా మింగించి, ఆ తర్వాత మళ్లీ సిరప్ మొదలుపెట్టాం. రెండు నెలలకు అరచేతుల్లో రంగు కనబడింది. ఆ తల్లిని అన్న మాట మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతూనే ఉంది.

మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. అంతటితో ఆగదు. క్రిమి ఒంట్లో ఉన్నంతకాలం కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతుంది. దానివల్ల పేగుల నుంచి ఇనుము రక్తంలోకి సరిగ్గా వెళ్లదు, ఒంట్లో ఉన్న ఇనుము కూడా నిల్వల్లోనే ఇరుక్కుపోతుంది. అందుకే అలాంటి బిడ్డకు ఎంత సిరప్ పోసినా చాలావరకు వృథాగా బయటికి పోతుంది. తల్లి తప్పేమీ లేదు.

వృథా అయితే ఫర్వాలేదు, ప్రమాదం కూడా ఉంది. టాంజానియాలోని జాంజిబార్ దీవుల్లో పెంబా అని ఒక దీవి. అక్కడ మలేరియా చాలా ఎక్కువ. మూడేళ్లలోపు పిల్లలకు రోజూ ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి పెద్ద పరిశోధన చేశారు. వేసుకున్న పిల్లల్లో మరణాలు, ఆసుపత్రి పాలవడం కలిపి 12 శాతం ఎక్కువని 2006లో ఫలితాలు వచ్చాయి. ఐరన్ ఇవ్వడాన్ని అంతకుముందే, 2003లోనే ఆపేశారు. మలేరియా లేని నేపాల్ ప్రాంతంలో ఇలాంటి పరిశోధనే చేస్తే ఆ హాని కనబడలేదు. పెంబాలోనే కొంతమంది పిల్లలకు మలేరియాను దగ్గరుండి పరీక్షించి మందులిచ్చారు. వాళ్లలో ఇనుము లోటున్నవారికి ఐరన్ మేలే చేసింది.

ఈ సంగతి సగం విని, ‘ఐరన్ ఇస్తే మలేరియా ముదురుతుందట’ అని సిరప్ మొత్తానికే మానేసేవాళ్లను చూశాను. అదీ తప్పే. రెండేళ్లలోపు, మెదడు ఎదిగే వయసులో ఇనుము తగ్గితే ఆ నష్టం తర్వాత పూడ్చడం కష్టం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం ఉంది. ఇంతమంది పిల్లలకు సిరప్ ఆపేద్దామని ఎలా అనగలం? మలేరియా ప్రాంతాల్లో ఐరన్ ఇవ్వొచ్చు గానీ మలేరియా నివారణ, పరీక్ష, చికిత్స కూడా దాంతోపాటే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది.

మన అనీమియా ముక్త్ భారత్ పథకంలో 6 నెలల నుంచి 59 నెలల పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున సిరప్ ఇస్తారు. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. జ్వరం, విరేచనాలు, నిమోనియా ఉన్నప్పుడు పొయ్యకూడదని నియమం ఉంది. కానీ సీసా ఉండేది తల్లి చేతిలో. ఆమెకు ఆ మాట ఎవరు చెబుతున్నారు? ఆ పాపలా జ్వరమే లేకుండా క్రిమి మోసే పిల్లల సంగతేమిటి?

50 మిల్లీలీటర్ల సీసా దాదాపు ఆర్నెల్లు వస్తుంది. ఏజెన్సీ ఊళ్లలో కొత్త సీసా చేతికిచ్చే ముందు బిడ్డ వేలికి ఒకసారి గుచ్చితే ఏడాదికి రెండు పరీక్షలవుతాయి. అందులో ఒకటి వానాకాలంలో పడేలా చూసుకోవాలి. ఆశా కార్యకర్తకు కిట్లు వాడటం వచ్చు, కావలసిందల్లా జూన్‌కు ముందే అవి ఆమె సంచిలో ఉండటం. మలేరియా తేలిన బిడ్డకు సిరప్ మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో డాక్టరును అడిగి కార్డు మీద రాయాలి. రాయకపోతే ఆపిన సిరప్ ఆగిపోయినట్టే, ఎన్నిసార్లు చూశానో! సికిల్ సెల్, తలసీమియా లాంటి వంశపారంపర్య రక్తజబ్బులు ఉన్న ఇళ్లు మన గిరిజన గ్రామాల్లో తక్కువేం కాదు. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే బిడ్డకు ఈ సిరప్ అసలు ఇవ్వకూడదు. ఆ రిపోర్టు కూడా కార్డులోనే ఉండాలి. ఇంకో మాట, పసిపిల్లలకు టీ తాగించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. దాని బదులు చోడి (రాగి) అంబలి పట్టమని ప్రతి తల్లికీ చెప్పాలి.

వీటికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త ఉద్యోగాలూ అక్కర్లేదు. తల్లీబిడ్డల కార్డులో సిరప్ తేదీ పక్కనే మలేరియా పరీక్ష తేదీకి ఒక గడి గీయించి, ఈ వానాకాలంలోనే మొదలుపెట్టమని పాడేరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులను, జిల్లా వైద్యారోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా