మీ తెలుగు రాతను మా సాఫ్ట్‌వేర్ ఎలా పాడుచేసింది, ఇప్పుడు ఏమి మార్చాం

మా ఎమోజీ టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నవారందరికీ నమస్కారం.

మార్చిలో మేము ఇచ్చిన వెర్షన్ మీలో కొందరి తెలుగు రాతను చెడగొట్టింది. ఆ తప్పు పూర్తిగా మాది. అది ఎలా జరిగిందో, కొత్త వెర్షన్‌లో ఏమి మార్చామో, ఇంకా ఏమి బాగుచేయలేకపోయామో దాచకుండా చెప్పాలని రాస్తున్నాను.

తప్పును పట్టుకున్నది పెళ్లి పత్రికలు టైపు చేసి ఇచ్చే ఒక దుకాణం యజమానురాలు. పత్రికలు చేయించుకునేవారితో కంప్యూటర్‌లోనే వాట్సాప్ తెరిచి మాట్లాడుతూ, మన సాఫ్ట్‌వేర్‌తో కోలన్ నొక్కి ‘దండం’ అని కొట్టి చేతులు జోడించిన బొమ్మ పెడుతుంటారు. ఒకరోజు ఫోన్ చేశారు. ‘‘బాబూ, నేను ‘రిసెప్షన్‌కు’ అని కొట్టాను. అచ్చులో ‘రిసెప్షన్కు’ అని వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నా చేతి నుంచి అలా రాదు’’ అన్నారు. ఫాంటులో లోపమేమోనండీ అని జవాబిచ్చాను. చూడకుండా అలా అనడం నేను చేసిన రెండో తప్పు. ఆవిడ ఊరుకోలేదు. పత్రికలోని వాక్యాన్ని కాపీ చేయడం, మధ్యలో వాట్సాప్‌లో ఒక దండం పెట్టడం, తిరిగి వచ్చి పేస్టు చేయడం, అంతా వీడియో తీసి పంపారు. దండం పెట్టకపోతే వాక్యం చక్కగా ఉంది. పెడితే చెడిపోయింది.

లోపల జరుగుతున్నది ఇది. పాత వెర్షన్ ఎమోజీని క్లిప్‌బోర్డు ద్వారా పంపేది. అంటే మీరు అప్పటికే కాపీ చేసుకున్నదాన్ని పక్కకు తీసి, దాని స్థానంలో ఎమోజీని ఉంచి, మీ తరఫున కంట్రోల్-వి నొక్కి, ఆ తర్వాత మీది మీకు తిరిగి పెట్టేసేది. తిరిగి పెట్టే ముందు అందులోని కనిపించని గుర్తులను తుడిచేది. ఆ తుడిచే ప్రోగ్రాం నిజానికి వేరే పని కోసం రాసింది. మీరు సొంతంగా చేర్చుకునే పదాల్లోకి వెబ్ పేజీల నుంచి కనిపించని గుర్తులు వచ్చి చేరుతున్నాయి, దానితో పదం సరిగ్గా కొట్టినా ఎమోజీ రావడం లేదు. అందుకోసం రాసినదాన్ని నేనే క్లిప్‌బోర్డు దారిలో కూడా వాడేశాను.

అయితే తెలుగులో ఆ కనిపించని గుర్తుల్లో ఒకటి చెత్త కాదు, అక్షరంతో సమానం. పొల్లు తర్వాత హల్లు వస్తే అది వత్తుగా కిందికి చేరుతుంది. ‘రిసెప్షన్’ చివరి పొల్లు పొల్లుగానే ఉండి, ‘కు’ పక్కన విడిగా నిలవాలంటే రెండింటి మధ్య ఒక విడదీసే గుర్తు ఉండాలి. అన్ని భాషల అక్షరాలకూ, ఎమోజీలకూ ఒక్కో సంఖ్య కేటాయించే యూనికోడ్ అనే ప్రమాణంలో ఇదీ ఉంది. దానికి వెడల్పు లేదు, కంటికి కనబడదు. తీసేస్తే మాత్రం మాట రూపమే మారిపోతుంది. దానికి తోబుట్టువు లాంటి కలిపే గుర్తు ఇంకొకటి ఉంది. తండ్రి, తల్లి, కూతురు ఒకే బొమ్మగా కనిపించే కుటుంబం ఎమోజీలో నిజానికి ఉన్నవి మూడు బొమ్మలు, వాటి నడుమ రెండు కలిపే గుర్తులు. మన ప్రోగ్రాం వీటినీ తుడిచేసింది, కుటుంబం కాస్తా ముగ్గురు విడివిడి మనుషులైంది. ఆ ఫిర్యాదు ఏప్రిల్‌లోనే వచ్చింది. రెండింటికీ మూలం ఒకటేనని మాకు తట్టలేదు.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం తెరపైకి రాగానే ఐఫోన్లలో యాప్‌లు మూతపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ అక్షరంలోనూ ఈ విడదీసే గుర్తు ఉంది. మన భాషతో పరీక్షించి చూసేవారే లేరా అని అప్పుడు నాకు చాలా బాధ కలిగింది. తెలుగువారి కోసమే చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను నేను ఒక్క తెలుగు వాక్యం కాపీ చేసి పరీక్షించి ఉంటే మార్చిలోనే దొరికేది. ఇప్పుడు ప్రతి వెర్షన్‌కూ ముందు ఆ పెళ్లి పత్రిక వాక్యాలతోనే పరీక్ష మొదలవుతుంది. పత్రికలు మళ్లీ అచ్చు వేయించిన ఖర్చు మేము చెల్లించాం. ఇలాంటి నష్టం మీకూ జరిగి ఉంటే బిల్లు పంపండి, ఇస్తాం.

కొత్త వెర్షన్ క్లిప్‌బోర్డు జోలికి వెళ్లదు. కీబోర్డు నుంచి వచ్చినట్టుగానే ఎమోజీని నేరుగా విండోస్‌కు అందిస్తుంది. ఇందులోనూ ఒక చిక్కుంది. విండోస్ ఒక్కో అక్షరాన్ని తీసుకునే గడిలో 65,536 సంఖ్యలకే చోటు. చాలా ఎమోజీల సంఖ్యలు దానికి పైన ఉంటాయి కాబట్టి ఒక్కోదాన్ని రెండు ముక్కలుగా పంపాలి. కొన్ని పాత ప్రోగ్రాములు ఆ ముక్కలను జత చేయలేక రెండు ఖాళీ పెట్టెలు చూపిస్తాయి. వాటి కోసం పాత పద్ధతిని ఉంచాం, కావాలంటే మీరే సెట్టింగుల్లో ఎంచుకోవాలి. అక్కడ ఇక ఏ గుర్తునూ తుడవం. కానీ ఎక్సెల్ గడులను కాపీ చేసి ఉన్నప్పుడు ఆ పద్ధతి వాడితే అంకెలు మిగులుతాయి, ఫార్ములాలు పోతాయి. దీన్ని ఇంకా సరిచేయలేకపోయాం.

ఇక యాంటీవైరస్ హెచ్చరికల సంగతి. ‘ఇది మీ కీబోర్డును గమనిస్తోంది’ అని వస్తే అది అబద్ధం కాదు. కోలన్ తర్వాత మీరు ఏ పదం కొట్టారో తెలియాలంటే ప్రతి మీటనూ చూడక తప్పదు. మా ప్రోగ్రాం చివరి 32 మీటలను మాత్రమే మెమరీలో ఉంచుకుంటుంది. డిస్కుమీద రాయదు, ఎక్కడికీ పంపదు. అయినా బ్రౌజర్‌లో మీరు కొడుతున్నది పాస్‌వర్డా కాదా అన్నది ప్రతిసారీ కచ్చితంగా కనిపెట్టే దారి మాకు లేదు. అందుకే ఇకపై కోలన్ పద్ధతి మొదట ఆపేసి ఉంటుంది. మామూలుగా మీరు ఒక షార్ట్‌కట్ నొక్కితేనే చిన్న పెట్టె తెరుచుకుంటుంది, అందులో కొట్టినది మాత్రమే మేము చూస్తాం. ఒక మీట ఎక్కువ నొక్కాల్సి వస్తుంది. ఆ ఆలస్యం మంచిదేనని నా అభిప్రాయం. దయచేసి మా కోసం యాంటీవైరస్‌ను ఆపకండి.

మరో మార్పుకు కారణం చెప్పడం కష్టంగా ఉంది. ఒకరు బంధువు మరణవార్తకు సంతాపం రాస్తూ ‘కన్నీ’ అని కొట్టి ఎంటర్ నొక్కారు. వెళ్లింది కన్నీళ్లు వచ్చేలా నవ్వే ముఖం. తరచుగా వాడేది ముందు రావాలన్న మా నియమం వల్ల అదే మొదట నిలిచింది. ఆయన ఆ ఇంటికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఇకపై నవ్వు, ఏడుపు ముఖాలు సగం పదానికి రావు. పూర్తి పేరు కొట్టాల్సిందే.

ఆగస్టు దగ్గరపడుతోంది కాబట్టి జెండా గురించి అడుగుతున్నారు. భారత జెండా ఎమోజీ అంటే ఐ, ఎన్ అనే రెండు ప్రత్యేక అక్షరాల జంట. విండోస్‌తో వచ్చే ఎమోజీ ఫాంటులో దేశాల జెండాల బొమ్మలు లేవు, అందువల్ల ఆ అక్షరాలే కనబడతాయి. ఫోన్‌లో చూసేవారికి మాత్రం జెండాయే కనబడుతుంది. నిశ్చింతగా పంపండి.

ధర మారడం లేదు. ఇప్పటికే కొన్నవారికి కొత్త వెర్షన్ ఉచితం. ఇంకో మాట: విండోస్ 10లో 2017 నుంచే విండోస్ మీటతో చుక్క నొక్కితే ఎమోజీల పెట్టె వస్తుంది. రోజుకు నాలుగైదు బొమ్మలు పెట్టేవారికి అది చాలు, మాకు డబ్బు కట్టనక్కరలేదు. ‘చీర’, ‘ఆటో’, ‘గుడి’, ‘దీపం’ అంటూ తెలుగు లిపిలోనే కొట్టి, రోజంతా సందేశాలు పంపే దుకాణాల వారి కోసం మేము దీన్ని నడుపుతున్నాం. ఈ నాలుగు బొమ్మలూ యూనికోడ్‌లోకి వచ్చింది 2019లో. వాటిలో ‘దీపం’ పేరు చేర్చమని అడిగింది కూడా ఆ పత్రికల దుకాణం ఆవిడే.

చెడిన రాతను తిరిగి బాగుచేసే ప్రోగ్రాం ఇవ్వమని కొందరు అడిగారు. ప్రయత్నించి మానుకున్నాం. ‘ఫోన్లు’, ‘కార్లు’ అని వత్తుతో రాయడం సరైనదే. ‘ఫోన్‌లో’ అన్నచోట మాత్రం చాలామంది విడదీసి రాస్తారు. ఏది మీరు కావాలని రాశారో, ఏది మేము చెడగొట్టామో యంత్రానికి తెలియదు. మార్చి తర్వాత పేస్టు చేసిన ఫైళ్లు ఉంటే ‘న్కు’, ‘న్లో’, ‘ర్కు’, ‘ట్వే’ అని వెతకండి. మా వల్ల చెడినవి ఎక్కువగా అక్కడే దొరుకుతున్నాయి. ఫైలు పెద్దదైతే మాకు పంపండి, నేనే కూర్చుని వరుసగా చదివి సరిచేసి పంపుతాను.